13 సెంటీమీటర్ల కన్నానికి ఇంత బద్ధకమా?

ఇంగ్లండ్‌లో ఎన్ని కొత్త కాలనీల్లో ఇదే తంతు! ప్లానింగ్ కాగితాల్లో కంచెకి హెడ్జ్‌హాగ్ దారి ఉంటుంది, సైట్‌లో ఉండదు. అడిగేది ఎంతని? నేలకి ఆనుకుని, పెరటికీ పెరటికీ మధ్య 13 సెంటీమీటర్ల చదరపు కన్నం. అంతే! హెడ్జ్‌హాగ్ అంటే జానెడు పొడవు ముళ్ల జీవి. తిండి కోసం రాత్రికి ఒకటి రెండు కిలోమీటర్లు తిరుగుతుంది. ఒక్క పెరట్లో బంధిస్తే ఏం తిని బతకాలి?

పెట్టినచోటైనా సరిగ్గా పెడతారా? పైనున్న చెక్క కోస్తారు, కింద కాంక్రీట్ పలక అలాగే వదిలేస్తారు. నేలకి 15 సెంటీమీటర్ల పైన కన్నం ఎవరికి? కన్నంతోనే పోతపోసిన పలకలు దొరుకుతున్నాయి కదా, అవి తెప్పించడానికేం? ఒక కంచెకి పెట్టి పక్కదానికి మానేస్తే అది దారెలా అవుతుంది? పైన గుర్తుబిళ్ల కొట్టరు, ఇల్లు కొన్నవాళ్లు అదేంటో తెలియక ఇటుక అడ్డం పెట్టేస్తారు.

2020లో బ్రిటన్ క్షీరదాల రెడ్ లిస్ట్‌లో, అంటే ఏ జీవికి అంతరించే ముప్పు ఎంతో చెప్పే జాబితాలో, హెడ్జ్‌హాగ్‌ని ముప్పున్న జీవిగా చేర్చారు. 2024లో కొత్తగా కట్టేవాళ్లు 10 శాతం జీవవైవిధ్యం పెంచాలన్న నిబంధన వచ్చింది, కానీ ఆ లెక్కంతా పొదలు, గడ్డి, చెట్లదే. కంచె కన్నానికి అందులో విలువే లేదు! అనుమతిలోనే షరతుగా రాయండి. తాళాలు ఇచ్చేముందు ప్రతి కంచె దగ్గరా వంగి, టేపు పెట్టి కొలవండి.