ఉక్రెయిన్ చర్చి 2019లో పుట్టుకొచ్చింది కాదు

"ఉక్రెయిన్ వెయ్యేళ్లుగా మాస్కో చర్చి కిందే ఉంది. 2019లో ఎన్నికల కోసం అప్పటి అధ్యక్షుడు పొరొషెంకో, అమెరికా అండతో వేరే చర్చి పెట్టించాడు. ఇప్పుడక్కడ ఆర్థడాక్స్ మతాన్నే నిషేధించారు." యుద్ధం ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఈ మాటలు షేర్ అవుతుంటాయి. ఇందులో ఏ ఒక్కటీ పూర్తిగా నిలవదు. ఆర్థడాక్స్ అంటే రోమ్ పోప్ కింద లేని తూర్పు క్రైస్తవ శాఖ.

ముందు ఆ వెయ్యేళ్ల లెక్క. కీవ్ రాజు వొలొదిమిర్ క్రైస్తవం తీసుకున్నది 988లో. మాస్కో పేరు రాతల్లో మొదట కనిపించేదే 1147లో. దాదాపు ఏడు వందల ఏళ్లు కీవ్ చర్చి కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) పాట్రియార్క్, అంటే అక్కడి ఆర్థడాక్స్ మతపెద్ద, కింద ఉంది. కీవ్ మెట్రోపాలిటన్‌ను, అంటే అక్కడి ప్రధాన బిషప్‌ను, అభిషేకించే అధికారం మాస్కోకు దక్కింది 1686లో. అది శాశ్వతమా, తాత్కాలిక అనుమతా అన్న గొడవ ఇంకా తెగలేదు. మాస్కో మాత్రం 1448లోనే కాన్‌స్టాంటినోపుల్‌ను అడక్కుండా తన మెట్రోపాలిటన్‌ను తానే ఎన్నుకుంది. తాను చేసిన పనే కీవ్ చేస్తే తప్పెలా అవుతుంది?

"పెట్టించారు" అన్న మాట దగ్గర నాకు నిజంగా కోపం వస్తుంది. 1921 అక్టోబరులో కీవ్ సెయింట్ సోఫియా కేథడ్రల్‌లో గురువులు, మామూలు విశ్వాసులు సభ జరిపారు. ఒక్క బిషప్ కూడా కలిసి రాలేదు. అయినా వాళ్లు ఆగలేదు. గురువులూ జనమూ కలిసి చేతులుంచి వసిల్ లిప్కివ్‌స్కీని మెట్రోపాలిటన్‌గా అభిషేకించారు. ఆ పద్ధతిని మిగతా ఆర్థడాక్స్ చర్చిలు ఒప్పుకోలేదు, నిజమే. కానీ పాత చర్చి భాష స్లావోనిక్‌ను పక్కనపెట్టి, ఇంట్లో మాట్లాడుకునే ఉక్రేనియన్‌లోనే ఆరాధన జరుపుకున్నారు. సోవియట్ ప్రభుత్వం 1930లో ఆ చర్చిని బలవంతంగా రద్దు చేయించింది. 1937లో లిప్కివ్‌స్కీని కాల్చి చంపింది. 2018లో చర్చి స్వాతంత్ర్యానికి అమెరికా మద్దతు పలికిన మాట వాస్తవం. మరి 1921లో అమెరికా ఎక్కడుంది? 1991 నవంబరులో మాస్కో కింద ఉన్న ఉక్రెయిన్ చర్చి సభే పూర్తి స్వాతంత్ర్యం అడిగింది కదా, మాస్కో ఎందుకివ్వలేదు?

పొరొషెంకో దీన్ని ఎన్నికలకు వాడుకున్నాడు, కాదనను. "సైన్యం, భాష, విశ్వాసం" ఆయన నినాదం. 2019 జనవరిలో కొత్త చర్చికి కాన్‌స్టాంటినోపుల్ నుంచి స్వతంత్ర హోదా పత్రం, అంటే తోమోస్, వచ్చింది. ఏప్రిల్‌లో జెలెన్‌స్కీ 73 శాతం ఓట్లతో ఆయన్ను ఓడించాడు. చర్చి మాత్రం నిలిచింది. గెలిచింది యూదు కుటుంబంలో పుట్టిన మనిషి. పశ్చిమ ఉక్రెయిన్‌లో గ్రీకు క్యాథలిక్కులు, అంటే తూర్పు పద్ధతిలో ఆరాధిస్తూ పోప్‌ను ఒప్పుకునేవాళ్లు, లక్షల్లో ఉన్నారు. కాబట్టి ఉక్రేనియన్ అనిపించుకోవడానికి ఈ చర్చిలో చేరాల్సిన పనేమీ లేదు. జాతి భావన ముందే ఉంది, చర్చి దాని వెంట వచ్చింది.

ఇక నిషేధం. 2024 ఆగస్టు చట్టం నిషేధించింది రష్యన్ ఆర్థడాక్స్ చర్చిని. దానితో సంబంధం తెంచుకోని సంస్థలను కోర్టు ద్వారా రద్దు చేయొచ్చంటుంది. 2019లో తోమోస్ అందుకున్న, కీవ్ మెట్రోపాలిటన్ ఎపిఫానీ నడిపే చర్చి కూడా ఆర్థడాక్సే, రోజూ ఆరాధనలు జరుపుతోంది. 2022 సెప్టెంబరులో మాస్కో పాట్రియార్క్ కిరిల్, యుద్ధంలో చనిపోయే సైనికుడి పాపాలు కడుక్కుపోతాయని ప్రసంగించాడు. అలాంటి నాయకత్వాన్ని ఉక్రెయిన్ దూరం పెట్టడంలో వింత లేదు. అయితే మాస్కోతో ముడిపడిన పాత చర్చికే వెళ్లే సామాన్య విశ్వాసిని ఈ చట్టం పేరుతో వేధిస్తే, దాన్నీ ఇంతే గట్టిగా తప్పుపట్టాలి.