తొమ్మిది వందల గంటల అసంతృప్తి గారికి

మహారాజశ్రీ ఆటగాడి అభిప్రాయం గారి సముఖమునకు నమస్కరించి వ్రాసుకొనునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరు అక్కడ ఎప్పటిలాగే అసంతృప్తిగా ఉన్నారని తలుస్తాను. మీరు సంతృప్తి చెందారన్న కబురు వస్తే మాకు కంగారు పుడుతుంది కాబట్టి, దయచేసి అటువంటి కబురు పంపవద్దు.

స్కైరిమ్ అనే కంప్యూటర్ ఆట 2011 నవంబరు 11న విడుదలైంది. ఆనాటి నుంచి మీరు దాని గురించి సెలవిచ్చిన మాటలను ఓపికగా పోగుచేసి చదువుతున్నవారిలో నేనూ ఒకడిని. చదివినకొద్దీ మీ మీద గౌరవం పెరుగుతోంది. ఇంటర్నెట్‌లో ఆటలమ్మే స్టీమ్ అంగడిలో మీరు బొటనవేలిని కిందికి దించి, "ఈ ఆటలో లోతు లేదు, డబ్బు దండగ" అని తీర్పు రాసినప్పుడల్లా, ఆ తీర్పు పక్కనే మీరు ఎన్ని గంటలు ఆడారో కూడా ఆ అంగడివారు అచ్చువేస్తారు. అక్కడ తొమ్మిది వందల గంటలని ఉంటుంది. అంటే నిద్రాహారాలు మినహాయించకుండా లెక్కవేస్తే ముప్పై ఏడున్నర రోజులు. పప్పులో ఉప్పు లేదని పెళ్ళివారిని సాధిస్తూనే నాలుగోసారి వడ్డించుకున్న పెద్దమనుషులను మా బంధువులలో చూశాను గానీ, ముప్పై ఏడు రోజులు విస్తరి ముందునుంచి లేవకుండా వంటను తిట్టిన అతిథిని మీలోనే మొదటిసారి చూశాను.

మీ వంశచరిత్ర కూడా కొంత తిరగేశాను. ఎల్డర్ స్క్రోల్స్ అనే ఈ ఆటల వరుసలో 2002లో మారోవిండ్, 2006లో అబ్లివియన్, 2011లో స్కైరిమ్ వచ్చాయి. అబ్లివియన్ వచ్చిననాడు మీరు మారోవిండ్‌ను తలచుకుని కన్నీరు పెట్టుకున్నారు. స్కైరిమ్ వచ్చిననాడు ఆ రెండింటినీ తలచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. న్యాయంగా చెప్పాలంటే అంకెలు మీ వైపే ఉన్నాయి. మారోవిండ్‌లో నేర్చుకోవలసిన విద్యలు 27 ఉండగా, అబ్లివియన్‌లో అవి 21కి, స్కైరిమ్‌లో 18కి తగ్గాయి. బలం, బుద్ధి మొదలుకొని అదృష్టం దాకా ఎనిమిది గుణాలుండే పాత్రకు చివరికి ఆరోగ్యం, మంత్రశక్తి, దమ్ము అనే మూడు కొలతలే మిగిలాయి. అష్టావధానం అని కరపత్రం వేసి, ముగ్గురు పృచ్ఛకులతో సభ ముగించినట్టుందని మీరు వాపోతే కాదనలేను.

దారి చూపే బాణం గుర్తు విషయంలోనైతే నేను పూర్తిగా మీ పక్షమే. మారోవిండ్‌లో ఒక పని అప్పగించిన మనిషి, వంతెన దాటి ఎడమవైపు తిరిగి కొండ వెంబడి పొమ్మని నోటితో చెప్పేవాడు. ఆ మాటలు దినచర్య పుస్తకంలో చేరేవి. మిగిలింది మన అదృష్టం. మన ఊళ్ళలో దారి అడిగితే "కూతవేటు దూరమే" అని చెప్పి మనచేత మూడు మైళ్ళు నడిపించే పెద్దల సంప్రదాయం మారోవిండ్ కథ జరిగే ద్వీపంలో కూడా ఉందన్నమాట. స్కైరిమ్‌లో ఆ శ్రమ లేదు. తెర పైభాగాన దిక్సూచి మీద ఒక గుర్తు మెరుస్తూ ఉంటుంది. దాని వెంట పోతే చాలు. "ఇష్టం లేకపోతే ఆ గుర్తును ఆర్పేసుకోవచ్చు కదా" అని మీకు కొందరు సలహా ఇచ్చారు. అది తెలివితక్కువ సలహా. గుర్తు ఉంటుందన్న ధీమాతో రాసిన సంభాషణలలో చాలా చోట్ల దారి వివరమే ఉండదు గనుక, దాన్ని ఆర్పినవాడికి మంచులో చెప్పులరగడం తప్ప వేరే గతి లేదు. ఇది మీరు చెప్పిన వాటిలో అన్నిటికన్నా సూక్ష్మమైన మాట, అందుకే అన్నిటికన్నా తక్కువమంది విన్న మాట కూడా.

అయితే ఆ స్వర్ణయుగంలో, అంటే 2002లో, మీరు ఏమన్నారో కూడా నా దగ్గర భద్రంగా ఉంది. కత్తి శత్రువు ఒంట్లోంచి దూసుకుపోయినట్టు కళ్ళకు కనబడుతుంటే, లోపల పాచికలు వేసుకున్న ఆట "దెబ్బ తగలలేదు" అని తేల్చడం మోసమన్నారు. క్లిఫ్ రేసర్లనే ఆ ఎగిరే జంతువులు అడుగు తీసి అడుగు వేయనివ్వడం లేదని గోల చేశారు. ఆ గోల ఎంతదూరం పోయిందంటే, మారోవిండ్ మొదట్లో ఓడలో మనకు ఎదురయ్యే జియుబ్ అనే తోటి ఖైదీ తర్వాతికాలంలో ఆ ద్వీపం నుంచి క్లిఫ్ రేసర్లను తరిమికొట్టి సెయింట్ అయ్యాడని అబ్లివియన్‌లో చెప్పారు. స్కైరిమ్‌కు 2012లో వచ్చిన డాన్‌గార్డ్ అనుబంధంలో అతని ఆత్మే కనబడి, పోయిన తన చరిత్ర కాగితాలు వెతికి పెట్టమంటుంది. విసుగుతో మీరు చేసిన ఫిర్యాదు ఆ లోకపు స్థలపురాణంలోకి ఎక్కింది. ఇంతటి గౌరవం ఎంతటి విమర్శకుడికి దక్కింది? మీరు మాత్రం దానికి కృతజ్ఞత చెప్పినట్టు నేను ఎక్కడా చదవలేదు. ఇప్పుడు ఆ జంతువులను కూడా "ఆ రోజులే వేరు" అనే జాబితాలో చేర్చుకున్నారు.

లోపాల గురించి మీ వైఖరి ఇంకా గంభీరమైనది. విడుదలైన నెలలోనే వచ్చిన 1.2 సవరణ తర్వాత డ్రాగన్లు వెనక్కి ఎగరసాగాయి. దుకాణదారుడి తలమీద బకెట్ బోర్లించి, అతని కళ్ళెదుటే కొట్టు ఖాళీ చేయవచ్చని తేలింది. రాక్షసుడు గద ఎత్తి ఒక్కటి మోదితే మనిషి భూమిలోకి కూరుకుపోవలసింది పోయి ఆకాశంలో చుక్కయి పోతాడని తేలింది. వీటన్నిటినీ మీరు ఉదయం "సిగ్గుచేటు" అన్నారు, సాయంత్రం వీడియోలు తీసి మిత్రులకు పంపారు. మధ్యాహ్నం ఏం జరిగిందో మీరే చెప్పాలి. అసలైన కష్టం అనుభవించినవారు ప్లేస్టేషన్ 3 యజమానులు. ఆడినకొద్దీ సేవ్ ఫైల్ పెరిగి, చివరికి ఆట చిత్రప్రదర్శనలా ఒక్కొక్క బొమ్మగా కదిలేది. వారి గోడు న్యాయమైనది. కానీ దానిలో నవ్వు లేదు కాబట్టి, బకెట్‌కు దక్కిన కీర్తిలో పదోవంతు కూడా దానికి దక్కలేదు.

కీర్తి అంటే గుర్తుకు వచ్చింది. కొండమీది మౌనముని అర్న్‌గైర్‌కు క్రిస్టొఫర్ ప్లమర్, ముసలి పండితుడు ఎస్బెర్న్‌కు మాక్స్ వాన్ సిడో గొంతునిచ్చారు. అంతటి మహానటులను పిలిపించి చెప్పించిన మాటలలో ఒక్కటైనా మీకు కంఠస్థమా? మోకాలికి బాణం తగిలి సాహసయాత్రలు మానుకున్నానని చెప్పే పేరులేని కావలివాడి మాట మాత్రం నిద్రలో లేపి అడిగినా ఒప్పజెబుతారు. దాన్ని ఏడాదిపాటు ప్రతి సంభాషణలోనూ వాడి, ఆ తర్వాత అది పాతబడిపోయిందని విసుక్కున్నది కూడా మీరే.

ఇక డబ్బు విషయం. ఇక్కడ మీ చరిత్ర సువర్ణాక్షరాలతో రాయదగినది. 2006 ఏప్రిల్‌లో అబ్లివియన్ కోసం, ఈ ఆటలు తయారుచేసే బెథెస్డా సంస్థ గుర్రానికి తొడిగే కవచాన్ని రెండున్నర డాలర్లకు విడిగా అమ్మకానికి పెట్టింది. గుర్రపు ముస్తాబుకు డబ్బు అడగడమేమిటని మీరు చేసిన ఆగ్రహ ప్రకటన ఆటల పరిశ్రమ చరిత్రలో ఒక శకాన్ని ఆరంభించింది. నేటికీ ఎక్కడ ఎవరు పనికిరాని అలంకారం అమ్మినా "గుర్రపు కవచం" అనే మాట వినబడుతుంది. 2025 ఏప్రిల్‌లో అబ్లివియన్ కొత్త మెరుగులతో మళ్ళీ వచ్చింది. దాని ఖరీదైన ప్రతిలో ప్రత్యేకంగా ఏమిచ్చారో చూశారు కదా? గుర్రపు కవచమే. ఈసారి మీరు మురిపెంగా నవ్వారు. పంతొమ్మిదేళ్ళు ఊరబెడితే అవమానం కూడా ఆవకాయ అవుతుందని ఆ అమ్మకందారులకు మీకన్నా ముందే తెలుసు.

2015 ఏప్రిల్ 23న స్కైరిమ్‌కు ఆటగాళ్ళు స్వయంగా తయారుచేసే మోడ్లను, అంటే ఆటకు తగిలించుకునే మార్పుచేర్పులను, స్టీమ్‌లో డబ్బుకు అమ్ముకునే ఏర్పాటు మొదలైంది. అమ్మకంలో తయారుచేసినవాడికి 25 శాతం, మిగిలిన 75 శాతం స్టీమ్ యజమాని వాల్వ్, బెథెస్డా సంస్థలకు. ఇది చూసి మీరు లేచిన తీరు చిరస్మరణీయం. లక్షకు పైగా సంతకాలతో విజ్ఞాపన పెట్టారు. నాలుగు రోజులలో, అంటే 27వ తేదీకల్లా, ఆ ఏర్పాటు ఎత్తివేసి కొన్నవారికి డబ్బు తిరిగి ఇచ్చారు. పాతిక శాతం అన్యాయమని మీరు నినదించారు, బాగుంది. కానీ సమరం ముగిసేసరికి ఆ తయారుచేసినవాడి చేతిలో మిగిలింది సున్నా శాతం, పైగా ఆశపోతు అన్న బిరుదు. రాత్రుళ్ళు మేలుకుని మీ ఆటకు చెట్లు నాటినవాడి తరఫున మీరు ఇంత ఘనవిజయం సాధించారని అతనికి ఎవరైనా చెప్పి ఉంటారనుకుంటాను.

ఆ తర్వాత స్కైరిమ్ పునర్జన్మలు. 2016లో స్పెషల్ ఎడిషన్, 2017లో నింటెండో స్విచ్ మీద ఒకటి, కళ్ళకు పెట్టె కట్టుకుని చూసే మరొకటి, 2021లో పదేళ్ళ పండగ పేరిట యానివర్సరీ ఎడిషన్. ప్రతిసారీ మీరు "మళ్ళీనా?" అన్నారు. 2018లో సంస్థవారు తమను తామే వెక్కిరించుకుంటూ, అలెక్సా పలుకుపెట్టెలో కూడా స్కైరిమ్ తెచ్చామని ఒక ప్రహసనం ప్రదర్శించారు. తీరా చూస్తే అలెక్సాలో అది నిజంగానే పలికింది. అదే ఏడాది ఆట దర్శకుడు టాడ్ హోవర్డ్ ఒక ముఖాముఖిలో, మేము విడుదల చేయడం మానాలంటే మీరు కొనడం మానండి అన్న అర్థంలో జవాబిచ్చారు. నాకు తెలిసినంతలో మిమ్మల్ని సూటిగా ఒక ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. 2023 నాటికి అమ్ముడైన ప్రతులు 6 కోట్లు దాటాయని కూడా ఆయనే చెప్పారు. అదే మీ సమాధానమని నేను గ్రహించాను.

మీలో నాకు నిజంగా నచ్చే ముఖం ఒకటుంది. అది స్కైరిమ్ అంతర్యుద్ధం ప్రస్తావన వచ్చినప్పుడు బయటపడుతుంది. ఆట మొదలవగానే పేరు జాబితాలో లేకపోయినా సరే, మీ తల నరకమని ఆజ్ఞాపించింది సామ్రాజ్యం వారి అధికారిణి. అయినా మీలో సగంమంది సామ్రాజ్యమే నిలవాలంటారు. అది చీలితే లాభపడేది దాని శత్రువులైన థాల్మోర్ దొరలేనని వాదిస్తారు. టాలోస్ దేవుడి పూజను ఒప్పందం పేరిట నిషేధించిన సామ్రాజ్యానికి విధేయత ఏమిటని మిగతా సగం తిరుగుబాటు నాయకుడు ఉల్ఫ్రిక్ పక్షాన గర్జిస్తుంది. అప్పుడు మొదటివారు థాల్మోర్ రాయబార కార్యాలయంలో దొరికే రహస్యపత్రం బయటకు తీసి, ఉల్ఫ్రిక్‌ను ఆ దొరలే తమకు పనికివచ్చే మనిషిగా రాసుకున్నారు చూడండి అంటారు. రెండోవారు అదే పత్రంలో కింది వాక్యాలు చదివి, అతను పూర్తిగా గెలవడం కూడా దొరలకు ఇష్టం లేదని రాసి ఉంది కదా అంటారు. అన్నదమ్ముల పొలం తగాదాలో దస్తావేజులను ఇంత శ్రద్ధగా చదివే ప్లీడర్లు నాకు తగల్లేదు. లేని దేశపు లేని ఒప్పందం గురించి రాత్రి రెండింటి దాకా వాదించే ఈ మనిషే, మర్నాడు పొద్దున్న ఆ ఆటలో కథ పలచగా ఉందని రాస్తాడు.

పార్థర్నాక్స్ వ్యవహారం సంగతి సరేసరి. ఒకప్పుడు ఘోరాలు చేసి, పశ్చాత్తాపంతో కొండకొన మీద తపస్సు చేసుకుంటున్న ఆ ముసలి డ్రాగన్‌ను చంపితే తప్ప సాయం చేసేది లేదని, డ్రాగన్లను వేటాడే బ్లేడ్స్ దళపు డెల్ఫిన్ భీష్మించుకుంటుంది. ఆమెకు ఎదురు చెప్పి ఒప్పించే మాట ఒక్కటీ ఆటవారు మన నోట్లో పెట్టలేదు. దాంతో ఆటగాళ్ళే ఒక మోడ్ రాసి ఆమె నోరు మూయించారు. గురువును చంపమన్నందుకు మీకు వచ్చిన కోపం చూసి నాకు చాలా ముచ్చట వేసింది. అదే ఆటలో మీరు పెరుగు గిన్నెంత విలువ లేని వస్తువుల కోసం ఎన్ని గ్రామాల కోళ్ళను, కావలివాళ్ళను పొట్టనబెట్టుకున్నారో ఇక్కడ ప్రస్తావించను.

నేను మీకు పరాయివాడినేమీ కాదు. ఈసారి మంత్రగాడిగానే ఆడతానని, విల్లు ముట్టనని ఒట్టుపెట్టుకుని ఐదుసార్లు మొదలుపెట్టాను. ఐదుసార్లూ ఇరవయ్యో గంటకల్లా చీకటి మూలన గొంతుకూర్చుని బాణం ఎక్కుపెట్టి ఉన్నాను. ఆ తర్వాత ఆటలో వైవిధ్యం లేదని రాసిన తీర్పులలో ఒకటి నాదే.

2018 జూన్‌లో ఈ వరుసలోని ఆరో ఆట పేరు, కొన్ని కొండల మీదుగా సాగే అరనిమిషపు దృశ్యం చూపించారు. ఆ కొండల వాలును బట్టి ఈసారి కథ ఏ రాజ్యంలో జరుగుతుందో మీరు అప్పుడే తేల్చేశారు. అది స్కైరిమ్ అంత బాగుండదని కూడా తేల్చారు. ఇంతకాలం మీరు తక్కువచేసిన ఆట మీ నోట ఇలా స్వర్ణయుగంలోకి అడుగుపెట్టడం చూసి, స్థలం ఖాళీ చేయవలసిన అబ్లివియన్ మీద జాలి కలిగింది.

ఉత్తరం ఇంకా రాయవలసి ఉంది గానీ స్కైరిమ్‌లోని వైట్‌రన్ పట్టణంలో నా వెంట నడిచే అనుచరురాలు లిడియా నా కోసం చాలాసేపటి నుంచి నిలబడి ఉంది. ఒక్కొక్కటి పదిహేను తూకం ఉండే డ్రాగన్ ఎముకలు పద్దెనిమిది ఆమె నెత్తిన పెట్టాను. బరువు మోస్తానని ప్రమాణం చేశానని అంటుంది గానీ, ఆ అనడంలో విరుపు మాత్రం దాచుకోదు. ఆమెతో కలిసి బయలుదేరాలి. బయలుదేరదామంటే ఆమె నిలబడింది సరిగ్గా గుమ్మానికి అడ్డంగా. పక్కకు జరగదు, తోసినా కదలదు. ఇది చాలా పెద్ద లోపం. దీని గురించి మీతో గట్టిగా రాయిద్దామని అనుకుంటున్నాను.

ఇట్లు,
ఆరు వందల నలభై గంటల మీ విధేయుడు