టైల్స్ సందుల్లో వైట్ సిమెంట్ నింపితే స్నానాల గది లీకేజీ ఆగదు

కొన్ని వారాలుగా ఒకే వాట్సాప్ సందేశం బంధువుల నుంచి, ఇరుగుపొరుగు నుంచి పదే పదే వస్తోంది. దాని సారాంశం ఇది: "మీ స్నానాల గది నుంచి కింది ఇంటి సీలింగుకు నీరు దిగుతోందా? టైల్స్ పగలగొట్టి డబ్బు పోగొట్టుకోకండి. టైల్స్ గుండా నీరు పోదు, సందుల్లోంచే పోతుంది. సందుల్లో వైట్ సిమెంట్ నింపండి. కింది సీలింగుకు వాటర్‌ప్రూఫ్ పెయింటు వేయించండి. సాయంత్రానికల్లా స్నానం చేయవచ్చు."

ఈ సలహా నమ్మి నేను రెండేళ్లు పోగొట్టుకున్నాను. మీరు పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

"సందుల్లోంచే పోతుంది" అన్న మొదటి మాట సగం నిజం. నేల మీద నీరు దిగడానికి సందులు ఒక దారి. నహానీ ట్రాప్ (నేల మీది నీరు మురుగు గొట్టంలోకి పోయే జాలీ కింది గిన్నె) మెడ చుట్టూ, గోడా నేలా కలిసే మూలలో, గోడలోంచి కుళాయి గొట్టం బయటికి వచ్చే చోట, కమోడ్ అడుగున కూడా దారులుంటాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి ఆ సందేశం రాసినవారికి తెలిసినట్టు లేదు. మన అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల స్నానాల గది కింద స్లాబును మిగతా ఇంటికంటే అడుగు వరకు కిందికి దించి పోస్తారు. ఆ గుంతలో మురుగు గొట్టాలు పరిచి, ఇటుక ముక్కలతో నింపి, పైన సిమెంటు పరిచి టైల్స్ అతికిస్తారు. అంటే మీ కాళ్ల కింద ఉన్నది ఒక తొట్టి. సన్నని దారిలో రోజూ దిగిన నీరు నెలల తరబడి ఆ తొట్టిలో చేరుతుంది. నిండాక కింది సీలింగులో మచ్చగా, పక్క గది గోడ అడుగున ఉబ్బిన పెయింటుగా కనిపిస్తుంది. అప్పుడు పైన సందులు పూడ్చడమంటే నిండిన తొట్టికి మూత పెట్టడమే.

మా ఇంట్లో చివరికి నేల పగలగొట్టినప్పుడు నేను పక్కనే నిలబడి చూశాను. మేస్త్రీ మొదటి టైలు లేపగానే కింద సిమెంటు తడి బెల్లంలా చేతికి ఊడి వచ్చింది. నాలుగు తట్టల ఇటుక ముక్కలు తీశాక గుంత అడుగున నీరు చెలమలో ఊరినట్టు ఊరింది. నహానీ ట్రాప్ మెడకీ స్లాబుకీ మధ్య నా చిటికెన వేలు పట్టే ఖాళీ ఉంది. దాని మీద ఉన్న టైలు సందుల్లోనే అంతకుముందు రెండుసార్లు వైట్ సిమెంట్ నింపించాను.

ఇక ఆ వైట్ సిమెంట్ సంగతి. అది ఆరేకొద్దీ కుంచించుకుపోయి వెంట్రుక మందాన పగుళ్లిస్తుంది. పైగా మరకలు పోవడానికి మనం పోసే యాసిడ్ ముందు సిమెంటునే తింటుంది. (యాసిడ్, బ్లీచింగ్ పౌడరు కలిపి మాత్రం ఎప్పుడూ వాడకండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది.) ఎపాక్సీ గ్రౌటు (సందుల్లో నింపే రెసిన్ ముద్ద) దీనికంటే ఎంతో మేలు, ఒప్పుకుంటాను. కానీ పాత సిమెంటును లోతుగా గీకి తీసి, సందు పూర్తిగా ఆరాక నింపితేనే అది పట్టుకుంటుంది. కొత్తగా మొదలైన లీకేజీకి, తట్టినప్పుడు టైల్స్ బోలుగా మోగని నేలకు ఆ మార్గం ప్రయత్నించవచ్చు. లోపల తొట్టి నిండిన నేలకు పనికిరాదు.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించినది మూడో సలహా, కింద పెయింటు వేయించమనడం. పెయింటు మచ్చను దాస్తుంది, నీటిని ఆపదు. స్లాబు లోపల చెమ్మ తగులుతున్న ఇనుప చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి చుట్టూ ఉన్న కాంక్రీటును బయటికి నెడుతుంది. సీలింగు పెచ్చులు ఊడేది అందుకే. మా కింది ఇంట్లో ఆ మచ్చకు సరిగ్గా కిందే మామ్మగారి మంచం ఉండేది. మచ్చ కనబడకుండా రంగు వేయించి ఉంటే ఆ మంచాన్ని పక్కకు జరపాలన్న ఆలోచన కూడా ఎవరికీ వచ్చేది కాదు.

పగలగొట్టే ముందు నీరు ఎక్కడినుంచి వస్తోందో తేల్చుకోండి. దీనికి ఖర్చు లేదు. నహానీ ట్రాప్‌ను గుడ్డతో గట్టిగా మూసి, నేల మీద అంగుళం నీరు నిలిపి, గోడ మీద గీత పెట్టి 48 గంటలు వదిలేయండి. నీరు గీత నుంచి బాగా దిగి, కింద మచ్చ పెరిగితే తప్పు నేలది. నేల నిలబడితే ట్రాప్‌లో రంగు కలిపిన నీళ్లు పోసి చూడండి. కింద రంగు కనిపిస్తే మురుగు గొట్టానిది. ఎవరూ స్నానం చేయని రోజుల్లో కూడా కింది సీలింగు నుంచి చినుకు అదే జోరుతో పడుతుంటే ఆ గదికి నీళ్లొచ్చే వాల్వు కట్టేసి చూడాలి. కట్టేశాక తగ్గితే కుళాయి గొట్టమే కారుతోందని అర్థం, దానికి నేలంతా తవ్వనక్కర్లేదు.

తప్పు నేలదే అయితే సాయంత్రానికి స్నానం అనే మాట మరచిపోండి. స్లాబు దాకా తీసి ఆరనివ్వాలి. ట్రాప్ మెడ చుట్టూ కుంచించుకుపోని గ్రౌటు కూరాలి. గోడా నేలా కలిసే మూలను గుండ్రంగా తీర్చాలి. వాటర్‌ప్రూఫ్ పూత రెండు పొరలుగా పడాలి, మొదటిది నిలువుగా వేస్తే రెండోది అడ్డంగా. ఆ పూత గోడ మీదికి కనీసం అడుగు, షవరు ఉన్న వైపు తల ఎత్తు వరకు ఎక్కాలి. పూత ఆరాక, ఇటుక ముక్కలు నింపకముందే, మళ్లీ రెండు రోజులు నీరు నిలిపి చూడాలి. మా మేస్త్రీ ఇది అనవసరమన్నాడు. నేను ఒప్పుకోలేదు.

నీరు నిలిపిన రోజు సాయంత్రం కిందికి వెళ్లి, మామ్మగారి సీలింగు మీది మచ్చ చుట్టూ పెన్సిలుతో గీత గీసి వచ్చాను. మూడో రోజు ఉదయం ఇద్దరం తలెత్తి చూశాం. మచ్చ గీత దాటలేదు. టైల్స్ పనివాళ్లకు అప్పుడు ఫోను చేశాను.