బీరియల్ యాప్‌కు టవర్‌క్లాక్ దగ్గరి స్టూడియో వాడు రాయునది

చిరంజీవి బీరియల్‌ను అనంతపురం టవర్‌క్లాక్ దగ్గరి ఫోటో స్టూడియో యజమాని ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి.

చిరంజీవి అన్నందుకు నొచ్చుకోవద్దు. నువ్వు ఫోటోల యాప్‌గా జనంలోకి వచ్చింది 2020లో, పారిస్‌లో. నేను చీకటి గదిలో ఎర్రబల్బు కింద ప్రింట్లు కడిగిన కాలం వాడిని. మన ఇద్దరిదీ ఒకటే వృత్తి, మనుషుల మొహాలు. కాబట్టి నాలుగు మాటలు అనే చనువు నాకుంది.

నీ గురించి చెప్పింది మా అన్న కూతురు. బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. "చిన్నాన్నా, ఇందులో ఫిల్టర్లు ఉండవు. అంతా నిజమే" అంది. నా పొట్ట మీద కొట్టేది ఎవరో తెలుసుకోవాలి కదా, శ్రద్ధగా విన్నాను. రోజుకు ఒకసారి, ఎప్పుడన్నది ముందు చెప్పకుండా గంట కొడతావట. రెండు నిమిషాల్లో ఫోటో తీయాలి. ముందు కెమెరా, వెనక కెమెరా రెండూ పనిచేస్తాయి కాబట్టి మొహమూ పడుతుంది, మొహానికి ఎదురుగా ఉన్నదీ పడుతుంది. ఎన్నిసార్లు మార్చి మార్చి తీశారో స్నేహితులకు చెప్పేస్తావు. ఆలస్యమైతే ఎంత ఆలస్యమో కింద రాసిపెడతావు. తన ఫోటో పెట్టనివాళ్లకు ఇతరుల ఫోటోలు చూపించవు. మా బడిలో డ్రిల్లు మాస్టారు కూడా ఇంత కచ్చితంగా ఉండేవాడు కాదు.

అయితే మొన్న ఇంటికి వచ్చినప్పుడు నీ గంట మోగితే ఆ పిల్ల ఏం చేసిందో నేను కళ్లారా చూశాను. మిద్దె మీద బట్టలు ఆరేస్తోంది. ఫోను చూసి, పక్కన పెట్టి, బట్టలన్నీ ఆరేసింది. సాయంత్రం తల దువ్వుకుని సప్తగిరి సర్కిల్ వైపు వెళ్లి, ఐస్‌క్రీం గిన్నె ముందు పెట్టుకుని తీసుకుంది. నువ్వు దాని కింద ఆలస్యం అని రాశావు. అంతే. జరిమానా లేదు, గుంజీలు లేవు. నీ నిజాయితీ ఇంత సర్దుబాటు మనిషి అని నాకు అప్పుడే తెలిసింది.

పైగా వేళకు ఫోటో పెట్టిన బుద్ధిమంతులకు ఆ రోజు మరో రెండు, ఇష్టమైన వేళకు పెట్టుకోవచ్చని 2023లో బహుమానం ప్రకటించావు. గంట కొట్టినప్పటి నిజం ఒకటి, నచ్చినప్పటి నిజాలు రెండు. మా స్టూడియోల్లో పాస్‌పోర్ట్ ఫోటోలు తీయించుకుంటే పోస్టుకార్డు సైజు ఉచితం అని బోర్డు పెట్టేవాళ్లం. వ్యాపారం తెలిసినదానివే.

నీ ఎదుగుదల కూడా విన్నాను. నిన్ను కన్నవాళ్లలో ఒకరైన అలెక్సీ బారెయా అంతకుముందు గోప్రో కెమెరాల కంపెనీలో పనిచేశాడట. కాలేజీ పిల్లలకు డబ్బిచ్చి ప్రచారానికి తిప్పావు. 2022లో ఆపిల్ సంస్థ నిన్ను ఆ ఏటి మేటి ఐఫోన్ యాప్‌గా ఎంచింది. అదే ఏడాది ఇన్‌స్టాగ్రామ్ రెండు కెమెరాల విద్య నేర్చుకుంది. టిక్‌టాక్ ఏకంగా టిక్‌టాక్ నౌ అని అచ్చు నీలాంటిదాన్నే దించి, మరుసటి ఏడాదే మూసేసింది. మా వాళ్లు ఆ ముచ్చట చూడలేదులే, ఇక్కడ టిక్‌టాక్‌ను 2020 జూన్‌లోనే ఆపేశారు. అచ్చమైన నిజానికి ఇన్ని నకళ్లు ఇంత తొందరగా రావడం మాత్రం నేనెక్కడా చూడలేదు.

సరే, అసలు సంగతికి వస్తాను. ఫిల్టరు వేసినవాడు అబద్ధాలకోరు అన్నట్టు చూస్తావు నువ్వు. ఆ లెక్కన మా నాన్న మొదటి ముద్దాయి. ఆయన టచింగ్ చేసే బల్ల ఇప్పటికీ నా దగ్గర ఉంది. కింది నుంచి వెలుతురు వచ్చే అద్దం, దాని మీద నెగెటివ్, చేతిలో ఉప్పుకాగితం మీద సూదిలా అరగదీసిన పెన్సిలు. మొహం మీద నల్లగా ఉన్న మచ్చ నెగెటివ్‌లో ఖాళీగా కనబడుతుంది. ఆ ఖాళీని పెన్సిలు మొనతో చుక్కచుక్కగా నింపితే ప్రింటులో మచ్చ మాయమవుతుంది. చేయి బరువైతే మచ్చ పోయి, ఆ చోట తెల్లటి బొల్లి తేలుతుంది. మీ ఫోన్లలో ఒక్క వేటుకు మొహమంతా మైదాపిండి పూసినట్టు తయారయ్యే రకం కాదు ఇది. ఒక్కో మొహానికి అరపూట పట్టేది.

ఆ పనికి ఒక కట్టుబాటు కూడా ఉండేది. మొటిమ తీయవచ్చు, పుట్టుమచ్చ తీయకూడదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో గుర్తింపు చిహ్నాలని రాసేది ఆ పుట్టుమచ్చలనే కదా. మొటిమ ఎలాగూ వారంలో పోయేదే, దాన్ని మేము కాస్త ముందుగా సాగనంపుతాం. నిద్రలేని కళ్ల కింద చారలు తీస్తాం, ముసలితనపు ముడతలు సగమే తీస్తాం. పూర్తిగా తీస్తే ఇంటికి వెళ్లాక మనవళ్లు నవ్వుతారని మా నాన్న అనేవాడు. నార్పల నుంచి, ఉరవకొండ నుంచి వచ్చిన కొత్త దంపతులు తాజ్‌మహల్ పరదా ముందు నిలబడి ఫోటో దిగేవాళ్లు. తాజ్‌మహల్ కింద మా స్టూడియో గచ్చు, చినిగిన పరదా అంచు ఎప్పుడూ పడేవి. ఆగ్రా వెళ్లొచ్చామని ఆ ఫోటో చూపించి ఎవరూ ఎవరినీ నమ్మించలేదు. స్టూడియో కోటు తొడుక్కున్నవాడు కోటున్నవాణ్ని అని చెప్పుకోలేదు. ఆ పూటకు కోటు బాగుంది, అంతే.

ఫిల్టరు లేని ఫోటో మాకు నువ్వు వచ్చి నేర్పాలా? 2010 నుంచి ఆధార్ ఉంది. కిటికీ వెనకాల, వెలుతురు వీపున, కెమెరా గడ్డం కిందికి. దేశమంతటినీ అలా తీశారు. ఒక్కరికీ మళ్లీ తీసే అవకాశం ఇవ్వలేదు. వృత్తిరీత్యా ఇంతకన్నా చెప్పలేను, కడుపు మండుతుంది.

ఆధార్ కూడా పాత మాటే. ఇక్కడికి దగ్గర్లో నార్పల మండలంలో బండ్లపల్లి అని ఒక ఊరుంది. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని దేశానికి ప్రారంభించింది ఆ ఊళ్లోనే. వానకు మొహం వాచిన జిల్లా మాది. వేరుశనగ ఎండిపోయిన ఏడాది జనం వలసపోకుండా నిలబడ్డారంటే ఆ పంటకుంటల పని, కందకాల పని వల్లే. ఆ పనికి 2021లో ఎన్ఎంఎంఎస్ అని ఒక హాజరు యాప్ వచ్చింది, 2023 జనవరి నుంచి దాదాపు అన్ని పనిచోట్లా తప్పనిసరి అయింది. కూలీల పని చూసే మేటు తన ఫోనుతో రోజుకు రెండుసార్లు వాళ్ల ఫోటో తీయాల్సి వచ్చేది. వేళ, చోటు కూడా ఫోటోతోపాటే నమోదయ్యేవి. పొద్దున ఒకటి, మధ్యాహ్నానికి ఒకటి. సిగ్నల్ దొరక్కో సర్వరు మొరాయించో ఫోటో ఎక్కకపోతే చేసిన పనికి హాజరు పడలేదని, కూలి పోయిందని దేశమంతటా కూలీలు మొత్తుకున్నారు.

నాయనా, నువ్వు రోజుకు ఒక్కసారి గంట కొట్టి ప్రపంచాన్ని నిజంలోకి నడిపించానని మురిసిపోతున్నావే, మా ఊళ్లో మనుషులు రోజుకు రెండుసార్లు నీ పరీక్షలో కూర్చున్నారు. తల మీద టవలు, చేతిలో పార, కళ్లలో ఎండ. ఫిల్టరు లేదు, వరసలో ఎవరు నవ్వారని అడిగేవాడు లేడు. నీ దగ్గర ఆలస్యమైతే కింద ఒక ముక్క రాస్తావు, అక్కడ ఆలస్యమైతే రోజు కూలి వచ్చేది కాదు.

అంత నిజంలోనూ కల్తీ జరిగింది, అది వేరే సంగతి. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. పనికి సంబంధం లేని ఫోటోలు ఎక్కిస్తున్నారని, ఫోటోకే ఫోటో తీసి పంపుతున్నారని, ఫోటోలో తలలకూ హాజరు మస్టరులో పేర్లకూ పొంతన లేదని. ఫోటోకు ఫోటో తీయడం మా పాత విద్యే. పోయిన పెద్దాయనను పెళ్లి గ్రూపులోంచి వేరుచేసి పటం కట్టేది అలాగే. కాకపోతే మేము పోయినవాళ్ల కోసం చేసేవాళ్లం, వీళ్లు రానివాళ్ల కోసం చేశారు.

ఆ కందకాల్లో పనిచేసే ఆడవాళ్లే పండగ ముందు నా దగ్గరకు వస్తారు. పెట్టెలోంచి తీసిన ధర్మవరం చీర, మడతలు ఇంకా పోలేదు. ముందు అద్దం అడుగుతారు, తర్వాత పౌడరు. "అన్నా, ఎండకు నల్లబడినాను, కొంచెం తెల్లగా రానీ" అంటారు. వారమంతా సాక్ష్యం కోసం కెమెరా ముందు నిలబడ్డ మనిషి ఆ ఒక్క రోజు డబ్బిచ్చి, తనను ఎలా చూడాలో కెమెరాకు చెబుతుంది. నీ చట్టం ప్రకారం ఆమె అబద్ధమాడుతోంది. అలాగైతే ఆ అబద్ధంలో నాకూ సగం వాటా రాసుకో. నన్నడిగితే ఉన్నది ఉన్నట్టు కనబడాలన్న సరదా, ఉన్నది ఉన్నట్టు ఎవరికీ కనబడకుండా తలుపేసుకునే వీలున్న వాళ్లకే పుడుతుంది. తలుపే లేని వాళ్లకు కావాల్సింది పరదా.

నీ ఇంటి సంగతి కూడా ఒకటుంది. 2024 జూన్‌లో నిన్ను ఊడూ అనే ఫోను ఆటల కంపెనీ 50 కోట్ల యూరోలకు కొనుక్కుంది. ప్రకటనలు రాకుండా ఉంటాయా, వచ్చాయి. అదే ఏడు డిసెంబరులో జనం సొంత సమాచారం గోప్యత కోసం పోరాడే, వియన్నాకు చెందిన నోయిబ్ అనే సంస్థ నీ మీద ఫ్రాన్సులో ఫిర్యాదు చేసింది. ప్రకటనల కోసం సమాచారం వాడుకోవడానికి ఒప్పుకున్నవాళ్లను మళ్లీ అడగవట. వద్దన్నవాళ్లను మాత్రం ఫోటో పెట్టబోయిన ప్రతి రోజూ అడుగుతున్నావట. అవుననేదాకా వదలని పెళ్లిళ్ల పేరయ్యలు మా వైపూ ఉన్నారు గానీ, వాళ్లెవరూ నిజాయితీ నా ఇంటిపేరు అని బోర్డు కట్టుకోలేదు.

ఏది ఎలాగున్నా పిల్లదానివి, పైకి రావాలి. మీ ఊడూ వాళ్లు ఇటువైపు వస్తే ఒకసారి స్టూడియోకు పంపు. ఉగ్గాని, బజ్జీలు తినిపించి గ్రూపు ఫోటో తీస్తాను. కోటు, టై, చేతిగడియారం అన్నీ మా దగ్గరే ఉన్నాయి. కోటు ఒకటే సైజు. ఎవరికైనా సరిపోతుంది, వెనక పిన్నులు పెడతాం, ముందు నుంచి ఏమీ తెలియదు. నీ రెండో కెమెరాను మాత్రం చెప్పులతోపాటు బయటే వదలమని చెప్పు.

ఇట్లు
టవర్‌క్లాక్ దగ్గరి స్టూడియో వాడు
అనంతపురం