సవరణ: ‘వరూధిని’ పేరు గురించి

మా అన్నయ్య కూతురికి ‘వరూధిని’ అన్న పేరు తగునా అని ఆలోచిస్తూ గత వారం నేను రాసినదానిలో రెండు తప్పులు దొర్లాయి. వాటిని నమ్మి ఇంట్లో పెద్దలు ఆ పేరును పక్కన పెట్టబోతున్నారు కనుక ఈ సవరణ వెంటనే రాస్తున్నాను.

వరూధిని అనే అప్సరసను స్వారోచిష మనువుకు తల్లిగా పేర్కొన్నాను. అల్లసాని పెద్దన కావ్యమైన మనుచరిత్రలో ఆమె స్వరోచికి తల్లి. ఆ స్వరోచి కుమారుడే రెండవ మనువైన స్వారోచిషుడు కాబట్టి, ఆమె మనువుకు నాయనమ్మ అవుతుంది.

రెండవది ఇంకా పెద్ద తప్పు. ఆమె ప్రవరుడనే బ్రాహ్మణ గృహస్థుణ్ణి మోసగించిందని రాశాను. నిజానికి, కోరిన చోటికి చేరేందుకు కాళ్ళకు పూసుకున్న మహిమగల పసరు హిమాలయాల మంచుకు కరిగిపోయి ఇంటిదారి అడగవచ్చిన ప్రవరుణ్ణి ఆమె వలచింది, ఆ మాట దాచుకోకుండా చెప్పింది, అతడు తోసివేసి వెళ్ళిపోతే కుమిలిపోయింది. మోసం చేసినవాడు ప్రవరుడి రూపంలో వచ్చిన గంధర్వుడు. మోసపోయిన స్త్రీ మీదే మోసం మోపినందుకు నిజంగా బాధపడుతున్నాను.

పేరుకు అర్థం అప్పుడు చెప్పనే లేదు. అమరకోశం సేనకు ఇచ్చిన పర్యాయపదాలలో ‘వరూథినీ’ ఒకటి. సంస్కృతంలో అది థకారమే అయినా తెలుగు వాడుకలో ధకారం స్థిరపడింది.

విఫలప్రేమ కథ పసిపిల్లకు ఎందుకన్న వదినగారి సందేహాన్ని నేను తీసిపారేయను. అయినా, బారసాల నాడు పళ్ళెంలోని బియ్యం మీద అన్నయ్య ఉంగరంతో ఈ నాలుగు అక్షరాలే రాయాలని నా కోరిక.