సవరణ: కండరం అమర్చాక రెండో ఆపరేషన్ ఎప్పుడు?

బ్రేకియల్ ప్లెక్సస్ (మెడ నుంచి చేతికి వెళ్లే నరాల గుంపు) గాయానికి తొడలోని గ్రాసిలిస్ కండరాన్ని చేతిలో అమర్చాక, "మూడు నెలల్లో మోచెయ్యి వంగకపోతే మళ్లీ ఆపరేషనే" అని గత పోస్టులో రాశాం. అది తప్పు. రెండు వేర్వేరు సందర్భాలను కలిపేశాం. మైక్రోసర్జరీ పాఠ్యపుస్తకాలు చూసి సరిచేస్తున్నాం.

అత్యవసరంగా తెరిచేది రక్తప్రసరణ కోసం. అమర్చిన కండరానికి రక్తం అందేలా కుట్టిన ధమనిలోనో సిరలోనో గడ్డ కట్టడం ఎక్కువగా మొదటి రెండు మూడు రోజుల్లోనే జరుగుతుంది. కండరంతో పాటు తెచ్చిన చర్మపు ముక్క పాలిపోయినా, నీలంగా ఉబ్బినా వెంటనే ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లాలి; గంటలు గడిస్తే కండరం దక్కదు.

కదలిక సంగతి వేరు. కండరం కదలాలంటే దానికి కలిపిన నరం అందులోకి పెరగాలి; అది రోజుకు సుమారు 1 మి.మీ. పెరుగుతుంది. కండరపు నరాన్ని పక్కటెముకల మధ్య నరాలతో కలిపి ఉంటే, గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు కండరం తాకి చూసే వేళ్ల కింద బిగుసుకోవడం ముందు తెలుస్తుంది. మోచెయ్యి వంగడం ఆ తర్వాతే. బలం రెండేళ్ల దాకా కూడా పెరుగుతుంటుంది, కాబట్టి మూడో నెలలో తేల్చేయడం తొందరపాటే.

కండరం బాగా బిగుస్తోంది, ఎవరైనా వంచితే కీలు పూర్తిగా వంగుతోంది, సొంతంగా మాత్రం వంగడం లేదంటే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే నార) చుట్టూ అతుక్కుపోయిందేమో, వదులైందేమో చూడాలి. అతుక్కుంటే విడదీసి త్వరగా కదిలించాలి, లేకపోతే మళ్లీ అతుక్కుంటుంది. వదులైతే బిగించి కుట్టి, కొన్ని వారాలు కదలకుండా ఉంచాలి.