సుమో పల్టీ కొడితే ఎందుకు నమ్మాం?

తొంభైల యాక్షన్ సినిమాల్లో లాజిక్ లేదని వెక్కిరించడం తేలిక. అయినా ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో పాత బొమ్మ రీ-రిలీజ్ పడితే, అప్పటికి పుట్టని కుర్రాళ్లు కూడా కాగితాలు చించి విసురుతున్నారు. పాత జ్ఞాపకాల మోజు అని కొట్టిపారేస్తే వాళ్ల ఈల లెక్కకు రాదు.

ఆ సినిమాలు కథలో ఎన్ని కోతలు కోసినా, బరువు విషయంలో అబద్ధమాడలేదు. ఆడలేకపోయాయి అనడం ఇంకా సరి.

సికింద్రాబాద్ సంగీత్‌లో ఇంగ్లిష్ బొమ్మలు చూసిన తరానికి 1994 నాటి ‘స్పీడ్’ గుర్తుండే ఉంటుంది. సగం కట్టిన ఫ్లైఓవర్ మీద 50 అడుగుల ఖాళీని బస్సు దూకేస్తుంది. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోయినా ఆ దూరానికి అర సెకను పడుతుంది. అర సెకనులో ఏదైనా 4 అడుగులు కిందికి జారుతుంది. చదును రోడ్డు మీద ఆ బస్సు అవతలి అంచును గుద్దుకోవాల్సిందే. అందుకే ర్యాంపు కట్టి నిజం బస్సునే ఎగరేశారు. కంప్యూటర్ చేసిన పనల్లా రోడ్డును మాయం చేయడమే. దూకుడు అసలుది, ఖాళీ దొంగది.

మన సుమోలదీ అదే దారి. టాటా సుమో వచ్చింది 1994లో. 1999లో ‘సమరసింహారెడ్డి’ ఆడాక వరస కట్టిన ఫ్యాక్షన్ సినిమాల్లో అదే విలన్ బండి. ఎత్తైన బాడీ, బరువంతా పైన, అందుకే సులువుగా పల్టీ కొడుతుంది. ఒకవైపు చక్రాలను ర్యాంపు ఎక్కిస్తే చాలు. కానీ వేగం తగ్గితే పక్కకు జారి చతికిలబడుతుంది. పెరిగితే ఫ్రేమ్ దాటి కెమెరా మీదికొస్తుంది. రెండో టేక్ అంటే రెండో బండి. అందుకే ఒకేసారి మూడు కెమెరాలు తిప్పి, ఒకే పల్టీని మూడుసార్లు చూపించేవారు. సగం స్టైలు, సగం పెట్టిన డబ్బు రాబట్టుకోవడం!

స్లో మోషన్‌కూ పొదుపు ఉండేది. 400 అడుగుల ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున దాదాపు నాలుగున్నర నిమిషాలు వస్తుంది. స్లో మోషన్ కోసం సెకనుకు 96 ఫ్రేములతో తిప్పితే నిమిషం దాటగానే ఖాళీ. కాబట్టి అద్దం పగిలే క్షణానికో, హీరో కాలు నేల తాకే క్షణానికో దాచుకునేవారు. ఇప్పుడు హీరో టీ గ్లాసు ఎత్తినా స్లో మోషనే.

రోప్ షాట్ల సంగతి మరీ విచిత్రం. నిజంగా దెబ్బ తిన్నవాడు మొదట వేగంగా ఎగిరి, వంపు తిరిగి పడతాడు. తాడుతో లాగినవాడు ఒకే వేగంతో గీత గీసినట్టు పోతాడు. నడుముకు ఒక్కచోటే కడితే గాల్లో మూటలా మడతపడతాడు. తాడును చెరపడం అప్పట్లో ఖరీదు కనుక పొగ, దుమ్ము, చీకటి అడ్డం పెట్టి, కన్ను పసిగట్టేలోపే కట్ చేసేవారు. తప్పు దాచే ఆ తొందరే ఫైటుకు ఊపిచ్చింది. ఇప్పుడు తాడును కంప్యూటర్‌లో తుడిచేస్తున్నారు, షాటును సాగదీస్తున్నారు, సాగినకొద్దీ మనిషి బెలూనులా కనిపిస్తున్నాడు.

ఆ బరువంతా మోసింది డూపులే. అట్టపెట్టెల మీదికి దూకి నడుములు విరగ్గొట్టుకునే పద్ధతి మళ్లీ రావాలని ఎవరూ కోరుకోనక్కర్లేదు.

ఈసారి రీ-రిలీజ్‌కు వెళ్తే హీరోను కాసేపు వదిలేసి, సుమో నేల మీద పడే చోటు చూడండి. ముందు దుమ్ము లేస్తుంది, తర్వాత అద్దాలు రాలతాయి, ఆఖరున వెనక తలుపు ఊడి తన దారిన తాను పోతుంది. అది ఎటు పోవాలో ఫైట్ మాస్టర్ చెప్పి ఉండడు.